లంచ్ లోపు

ఇన్‌స్టిగేట్ చేశాడని ఉంది ఛార్జిషీట్లో.
నాంపల్లి కోర్టు, మూడో గది.
తెలుగు చెయ్యాలి, లంచ్ లోపు.

ఉసిగొల్పాడు అని మొదలుపెట్టాను.
ఉస్కో అంటే ఉరికేది కుక్క.
చెత్త బండ్ల దగ్గర ఆ పొద్దు నిలబడ్డ
నలభై ముగ్గురికీ పేర్లున్నాయి,
ఆరో పేజీ నుంచి.

కొట్టేశాను.

ఎగదోశాడు?
మా అమ్మమ్మ కట్టెను పొయ్యిలోకి ఎగదోసేది.
మంట అప్పటికే ఉండేది కదా అందులో.
ఇది రాస్తే, మంట ఎవరు పెట్టారని
జడ్జిగారు అడగొచ్చు.

పురికొల్పాడు బాగుంది, మరీ బాగుంది,
సన్మానపత్రంలో మాటలా.
పోగులకు పురి ఎక్కితేనే తాడు
అని తోచి పెన్ను కాసేపు ఆగింది.

వరండా బెంచీ మీద బాలనర్సు,
చిలకలగూడ సర్కిల్,
పక్కన కానిస్టేబుల్ చాయ్ ఊదుకుంటూ.
ఏమన్నవు వాళ్లతోని, అన్నాను.
"ఏమనలే సారూ.
నాలుగు నెల్లాయె, జీతం అడుగుదామా అన్న."

అడుగుదామా.
ఆ 'దామా'ను ఇంగ్లీషులో ఏం చేశారో అని
కాగితాలన్నీ తిరగేశాను.
ఎక్కడా లేదు.

సూపరింటెండెంట్ తలుపులోంచి తొంగిచూసి
"ఇంకా కాలేదా?
ఏదో ఒకటి గీకవయ్యా, ఫైలు పోవాలె" అన్నాడు.

రెచ్చగొట్టెను అని రాసి సంతకం పెట్టాను.
అందరూ రాసేదే.

టిఫిన్ డబ్బా మూత తీశాక
ముద్ద దిగడం లేదు.
పోయి, ఆ ఫైలు వెనక్కి అడుగుదామా?

నన్నెవరూ ఏమీ అనలేదు.