ఇంటూ గుర్తు

రేవులో, వలలు ఎండేసే గోడ చివర
మొదటి గుర్తు:
ఒక తెల్ల గీత, దాని కింద పసుపు గీత.
జానెడు పొడవు. అంతకు మించితే రంగు దండగ అంటుంది రెమెయ్.
ఇక్కణ్ణుంచి సముద్రాన్ని వీపుకి తగిలించుకుని
ఎక్కడమే.

నలభై ఏళ్లుగా ఈ కొండకి బొట్టు పెడుతున్నది ఆవిడే.
ఈ ఏడు మోకాళ్లు మొరాయించాయి.
రెండు డబ్బాలు, అరిగిన కుంచె, ఒక గుడ్డపీలిక నా చేతికిచ్చి
సార్డీన్లు కాల్చే కొట్టు ముందు కుర్చీ వేసుకుంది.
"గీతల్నే చూస్తూ నడిచేవాడికి కొండ కనపడదు.
అసలు గీతే లేకపోతే వాడికి ఇల్లు కనపడదు.
మధ్యస్తంగా వెయ్యి."

మొదటి గంటంతా మెట్ల చేలు.
సున్నం లేకుండా పేర్చిన రాళ్లు,
ఒకదాని బరువుని ఒకటి నమ్ముకుని.
బాదం చెట్లలో సగం తెగులు తినేసింది.
కరోబ్ కాయ ఒకటి నమిలాను, మాడిన బెల్లంలా ఉంది.

ఆ పైన రాతి మెట్లు.
లెక్కపెట్టడం మూడుసార్లు మొదలెట్టి
మూడుసార్లూ మేకలు అడ్డొచ్చి మర్చిపోయాను.
ఇవి మనుషుల కోసం కట్టినవి కావు, మంచు కోసం.
శిఖరానికి ఉత్తరపు నీడలో పాత మంచు బావులున్నాయి.
చలికాలం పడ్డదాన్ని తొక్కి, గట్టిపరిచి, గడ్డి కప్పి
ఆగస్టు రాత్రుల్లో కంచరగాడిదల మీద దించేవారట,
జ్వరాలకీ, చేపలకీ, డబ్బున్నవాళ్ల నిమ్మ షర్బత్‌కీ.
ఎలోయ్ అని, రెమెయ్ తాతకి తాత,
పది మణుగులు ఎత్తితే రేవుకి చేరేవి ఐదు.
మిగతా ఐదు?
"దారి తాగింది" అంటుంది
సుంకం వసూలు చేసే గుమస్తాలా మొహం పెట్టి.

నాలుగో గంటకి చీలిక.
ఎడమకి కనుమ, కనుమ అవతల చెర్రీ తోటలు, ఊరు, అలికాంతే బస్సు.
కుడివైపు బండ మీద ఇంటూ గుర్తు:
ఇటు కాదు.
పటంలోనూ అటు దారి లేదు.
వానలకి వెలిసి, ఒక కాలు రాలిపోయి
ఒంటికాలి మీద కాపలా కాస్తోంది.

ఏ మలుపులో రంగు నిలవదో, ఏ రాయికి నాచు పడుతుందో
అన్నీ చెప్పి పంపిన మనిషి
దీని గురించి మాత్రం "అది గట్టిగా దిద్దు" అంది.
అని, పళ్లెంలో చేప వైపు చూసింది.

డబ్బా మూత తీశాను.
మళ్లీ పెట్టేశాను.
కుడికి నడిచాను.

రోజ్‌మేరీ పొదలు పిక్కలు గీరుతూ రెండొందల అడుగులు.
ఎన్నో ఏళ్లు ఒకే చోట చెయ్యి ఆనించి ఎవరో నునుపు చేసిన బండ.
దాని వెనక నీళ్లు.
చప్పుడు కూడా లేదు. రాతికి చెమట పట్టినట్టు ఊరి
తొలిచిన దొప్పలో నిండి, పొర్లి
పుదీనా వేళ్లలోకి పోతున్నాయి.
గట్టు మీద బోర్లించిన రేకు గ్లాసు.
తాగాను. పళ్లు జివ్వుమన్నాయి.
కింద ఎక్కడో సముద్రం, కొడవలంత.
ఆ ఐదు మణుగులూ ఏమయ్యాయో
తెలిసిందనుకున్నాను.

వేలమందికి నిజం చెప్పిన చెయ్యి
ఒక్కచోట అబద్ధమాడింది.
వేసవి గుంపులు, వాళ్ల సీసాలు, సబ్బు నురగ...
ఒక్క ఆదివారం చాలు దీనికి.

తిరిగొచ్చి దిద్దాను, నాలుగు కొమ్మలూ.
ఆరేదాకా గాలికి అడ్డంగా నిలబడ్డాను.
ఇద్దరు కుర్రాళ్లు, ఎండకి కందిపోయినవాళ్లు, వచ్చి ఆగారు.
"అటు ఏముంది?"
"ఏం లేదు. ముళ్లు."
నా నోరు ఇంకా పుదీనా వాసన వేస్తోంది.

చీకటి పడ్డాక రేవులో దిగాను.
కుర్చీ అక్కడే ఉంది, కుర్చీలో రెమెయ్, పక్కన ముళ్ల పళ్లెం.
ఎన్ని గుర్తులయ్యాయని అడగలేదు, కుంచె కడిగావా అనీ అడగలేదు.
నా కుడిచెయ్యి లాక్కుని వాసన చూసింది.
"గ్లాసు ఉందా ఇంకా?"
"ఉంది."
కాసేపు ఏమీ అనలేదు. పడవల తాళ్లు కిర్రుమన్నాయి.
"మళ్లీ బోర్లించావా?"