పెరుగు డబ్బా మీద పేరు

అయిదు సొరంగాలు దాటితే సముద్రమొస్తదని
షార్జాలో బండెక్కేటప్పుడే చెప్పాడు రాజలింగం.
చిన్నది వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది.
నాలుగో సొరంగంలో నిద్రపోయింది.
అయిదోది ఇంకా బాకీ ఉందట, అడుగుతూనే ఉంది.

ఖోర్‌ఫక్కాన్.
వెనక పెనం మీద మాడిన జొన్నరొట్టెల్లాంటి కొండలు.
ముందు ఓడల్లోంచి ఇనపడబ్బాలు తీసే క్రేన్లు.
నడుమ మూడో అంతస్తులో
మూడు రాత్రులకు మావైన రెండు గదులు.

కాపలా ఉండే బషీర్ కాగితం చూసి అప్పజెప్పాడు:
చెంచాలు ఆరు, గ్లాసులు నాలుగు,
దిండ్లు అయిదు, రిమోట్ ఒకటి.
ఏది పోయినా రెండొందల దిర్హమ్‌ల అడ్వాన్సులోంచి కోత.

పెళ్ళయి పదకొండేళ్ళు.
నాకు మెట్‌పల్లిలో తోటికోడళ్ళతో పొత్తు వంటిల్లు,
ఆయనకు అల్‌కూజ్‌లో ఎనిమిది మంచాల గది.
మేం నలుగురమే ఉండే తలుపు ఇదే మొదటిది.
నేనే తీస్తానన్నాను.
కార్డు తాళం.
రెండుసార్లు ఎర్రదీపం వెలిగింది.
"తిప్పిపెట్టు," అన్నాడు మెల్లగా.

సాయంత్రం ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పెడుతూ
జేబులోంచి నల్ల మార్కర్ తీసి
మూత మీద రాశాడు: రాజలింగం, మంచం ఆరు.
చెయ్యి రాసింది. మనిషి చూసుకోలేదు.
"మన పెరుగు ఎవరు తింటరు నాన్నా?"
పెద్దోడు అడిగాడు.
ఫ్రిజ్ తలుపు అట్లాగే తెరిచి ఉంది,
చల్లగాలి ఆయన కాళ్ళ మీదికి దిగుతూ ఉంది.
తర్వాత నవ్వాడు, కానీ చాలాసేపటి తర్వాత.

ఆ పూటనుంచి చూడటం మొదలుపెట్టాను.
స్నానమయ్యాక సబ్బుని డబ్బాలో పెట్టి
వెంట తెచ్చుకుంటాడు.
చెప్పులు మంచం కిందికి, లోపలికంటా తోస్తాడు.
ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే పళ్ళెం కడుగుతాడు.
ఇంత వెడల్పు మంచం మీద
ఒక్క వైపుకే, కదలకుండా, కొలిచినట్టు పడుకుంటాడు.

రాత్రి నాతో మాట్లాడితే గుసగుస.
పదకొండేళ్ళు ఫోన్‌లో విన్న గొంతే,
పక్కవాళ్ళు లేస్తారని దాచుకున్న గొంతే,
ఇప్పుడు జానెడు దూరంలో.
"ఎవ్వరు లేరు. గట్టిగ మాట్లాడు," అన్నాను.
ఏం మాట్లాడాలో తోచక
"ఓయ్!" అని అరిచాడు.
పిల్లలు ఉరికొచ్చారు, దొంగలు పడ్డారనుకుని.

మా ఆడబిడ్డ ఫోన్ చేసి సముద్రమెట్లుందంది.
ఉప్పగుంది అన్నాను.
ఇంకేం చెప్పాలి?
పద్నాలుగేళ్ళు ఈ దేశంలో ఉండి
మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆయన ఇవ్వాళే నిలబడ్డాడని,
ప్యాంటు మడతల్లో ఇసక నిండితే
దులపడానికి ఒప్పుకోలేదని
ఫోన్‌లో ఎట్లా చెప్పను?

మార్కర్ పిల్లల చేతికి చిక్కింది.
కోడిగుడ్ల మీద పేర్లు, అరటిపండ్ల మీద పేర్లు,
గుడ్డుకి మంచం నంబరు కూడా.
రిమోట్ వెనక చిన్నది తన పేరు రాసింది: శ్రీహిత, మంచం లేదు.
నిమ్మచెక్కతో రుద్దాను. పోలేదు.
ఆ పిల్లే మధ్యాహ్నం నిద్రపోతున్న వాళ్ళ నాన్న
ముంజేయి మీద అడ్డంగా రాసింది,
వంకర అక్షరాలతో, మణికట్టు నుంచి మోచేతి దాకా.
లేచి చూసుకున్నాడు.
ఆ సాయంత్రం నీళ్ళలోకి దిగుతూ
ఆ చెయ్యొక్కటే పైకెత్తి పెట్టుకున్నాడు,
ఎవరినో ఆపుతున్నట్టు.

నాలుగో రోజు పొద్దున
బషీర్ చెంచాలు లెక్కపెట్టాడు. ఆరు.
గ్లాసులు, దిండ్లు సరిపోయాయి.
రిమోట్ తిప్పి చూసి, మళ్ళీ తిప్పి, బల్ల మీద పెట్టాడు.
కోత పెట్టలేదు.
ఫ్రిజ్‌లో సగం పెరుగు మిగిలింది.
"తీసుకుపోరా?" అని హిందీలో అడిగాడు.
ఆయన ఆ డబ్బా తీసి
మూత మీది పేరుని బొటనవేలితో
ఒకసారి రుద్ది చూశాడు.
"నువ్వే తిను భాయ్," అన్నాడు.
గట్టిగానే అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు చిన్నది మేలుకునే ఉంది.
మొదట వచ్చింది
దాని అయిదో సొరంగమే.