అరవై రూపాయల చేప

పాలకొల్లు బస్టాండు పక్క సందులో
నాది గాజుపెట్టెల కొట్టు.
నీళ్లని అడుగుల లెక్కన అమ్ముకుంటాను:
రెండడుగులు, మూడడుగులు, లైటుతో సహా.

అద్దానికి పట్టిన పాచిని
నోటితో నాకి శుభ్రం చేసే చేప
అరవై. గట్టిగా బేరమాడితే యాభై.
"తిండి కూడా పెట్టక్కర్లేదండీ" అనేవాణ్ని,
నేనే దాన్ని అలా పెంచినట్టు.
బొటనవేలంత ఉండేది.
పిల్లలు పేర్లు పెట్టుకునేవాళ్లు.

అది మూరెడు అవుతుందని
ఎవరికీ చెప్పలేదు.
అడిగినవాళ్లూ లేరు.

ఎల్లైసీ ఆఫీసరు గారి అమ్మాయి హిమజ
ఓ సాయంత్రం బకెట్టుతో వచ్చింది.
తొట్టెలో తిరగడానికి చోటు చాలట్లేదంది,
నాన్నకి బదిలీ, మీరే ఉంచుకోండంది.
పెద్దవి ఎవరూ కొనరమ్మా అన్నాను.
మరేం చెయ్యను?
చిల్లర లెక్కపెడుతూ, తల ఎత్తకుండా
"కాలవలో వదిలెయ్, పుణ్యం" అన్నాను.

లాకుల దగ్గర మెట్ల మీద కూర్చుని
బకెట్టు మెల్లగా వంచిందట ఆ పిల్ల.
నీళ్లలో కనపడినంతసేపూ
చెయ్యి ఊపిందట.

పుణ్యం ఈదుకుంటూ పోయింది.
కాలవలోంచి బోదెలోకి,
వరదొచ్చి గట్లన్నీ ఒకటైన ఏడు
ఎవరి నీళ్లు ఎవరివో తెలియని చీకట్లో
లంక పక్క మడుగులోకి.
గోదారి ఎప్పుడో దారి మార్చుకుంటూ
వదిలేసిపోయిన పాయ అది.
ఒక్క హిమజేనా? ఎన్ని బకెట్లో.
ఎన్నిసార్లు అన్నానో ఆ మాట.

మొన్న ఆషాఢంలో ఒడుగు సింహాద్రి
కొట్టుకొచ్చాడు. భుజాన
వలలో మిగిలిన దారాలు.
సంచి బల్ల మీద బోర్లించాడు.
నల్లగా, గరుకుగా, మూరెడు.
తాటిమట్ట అంచులాంటి రెక్కలు.

"నాలుగింటికి పడిందండి. ఇప్పుడు పది.
సూడండి, ఇంకా నోరాడిత్తంది.
ఇదెవరి తాలూకో కనుక్కుందామని వచ్చానండి."

కోపం లేదు గొంతులో.
తప్పిపోయిన దూడని పట్టుకొచ్చి
ఇంటింటికీ అడిగే మనిషిలా ఉన్నాడు.

కూర్చోమంటే కూర్చోలేదు.
నిలబడే చెప్పాడు:
బొమ్మిడాయి కనపడి రెండేళ్లయిందండి.
ఇంగిలాయి గుడ్డెడితే ఆ గుడ్డు మీదే
ఇది బోర్లా పడుకుంటదండి.
మట్టగిడస బురదలో దూరి
ఎలాగో బతుకుద్దనుకున్నాం,
బురదా దీందే అయిపోయిందండి.
గట్టుకి, నీటి మట్టం కింద,
మోచెయ్యి దాకా పట్టే బొరియలు.
పైన గడ్డి పచ్చగానే ఉంటదండి,
కాలెడితే దిగిపోద్ది.
కొంగొకటి మింగబోయి
గొంతులో అడ్డంపడి చచ్చింది.

"తినడానికేమైనా..." అన్నాను.
"పులుసెట్టిందండి మా ఇంటిది.
చిప్ప ఒలిచేసరికి గుప్పెడు కూడా రాలేదు.
కత్తి మాత్రం మొండిపోయింది."

కొట్లో అద్దాలన్నీ తళతళలాడుతున్నాయి.
ప్రతి తొట్టె మూలలో ఒక బొటనవేలు
గాజుకి నోరు అతికించుకుని ఉంది.

పోతూ పోతూ గుమ్మంలో ఆగి అడిగాడు,
"ఎంతకమ్ముతారండి ఇది?"
అరవై అన్నాను.
"ఆయ్" అన్నాడు, అంతే.
వల ఎంతని నేనడగలేదు.

దాన్ని అలాగే వదిలేసి పోయాడు.
చంపడం చేతకాదు నాకు,
ఇన్నేళ్లూ అమ్మినవాణ్ని.
నీళ్లలో వెయ్యడానికీ చెయ్యి రాలేదు.
నిన్నటి పేపరు కప్పాను.

మధ్యాహ్నం ఒకాయన కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు.
తొట్టె అద్దం ఊరికే మురికి పడుతోందట,
నాకేసే చేపేదో ఉంటుందటగా అన్నాడు.
కుర్రాడు అప్పటికే మూల తొట్టె దగ్గర
వేలు పెట్టి పిలుస్తున్నాడు.

నోరు తెరిచాను.
బల్ల మీద పేపరు
కొంచెం లేచి, పడింది.