కాకపోతే

గంగపట్నం రొయ్యల షెడ్డులో, ఐసు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని
మునిశేఖర్ రాసి వదిలేసిపోయిన
బిల్లుల ప్రోగ్రాము తెరిచాను.

వెనామి అయితే ఇంత.
కాకపోతే, టైగర్ అయితే ఇంత.
టైగరే అయి, ముప్పై కౌంటయి, పెంకు మెత్తనయితే
కిలోకి నలభై కోత.
కాకపోతే, రైతు మనోడయితే
కోతలో సగం.
కాకపోతే
కాకపోతే

ఒక్కో షరతుకీ నాలుగడుగులు పక్కకు జరిగి జరిగి
వాక్యాలు తెర దాటి పోయినయ్,
తూర్పుకి, మైపాడు సముద్రం వైపు.
పదిహేడో మెట్టు దిగితే అడుగున ఒక హెచ్చరిక:
"ఇదెందుకో తెలీదు. తీస్తే బిల్లు రాదు. ముట్టుకోబాకండి."

నేనూ ముట్టుకోలేదు, రెండేళ్ళు.
పోయిన ఆషాఢంలో నీలకంఠ రొయ్య కోసం
మధ్యలో ఒక్క గీత దూరిస్తే
పెంచలనరసయ్య టైగర్ పట్టుబడికి
వెనామి ధర పడింది.
ఆయన అరవలేదు.
చీటీ నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని
"మిషన్ను అడిగే నోరు మాకు యాడుందిలే పాపా" అన్నాడు.

ఇప్పుడు కోదండరామిరెడ్డి వచ్చి
"రేపట్నించి మండపీతలు గూడా కొంటన్నాం,
గంట పనే గదా?" అంటాడు.

అవతల మస్తానమ్మ
కుప్పలో చెయ్యి పెడుతోంది, తీస్తోంది.
ఒక్కసారే చూస్తుంది. ట్రేలో వేస్తుంది.
ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు.
కాటా దగ్గర కుర్రాడు నువ్వెవరని ట్రేని నిలదీయడు,
ఎత్తి పెడతాడంతే.
దాని నీళ్ళు అదే కారుస్తుంది,
దాని బరువు అదే చెప్తుంది.

ఆ రాత్రి కత్తెర పట్టా.
ముందు మూడొందల పాత చీటీలు పక్కన పెట్టుకున్నా,
కోసిన ప్రతిసారీ పైసాకి పైసా సరిచూసుకోడానికి.
వెనామి లెక్క వెనామికే అప్పజెప్పా.
టైగర్ మెత్తదనం టైగర్ దగ్గరే ఉంచా.
ఇక అందరికీ నాది ఒకటే మాట:
నీ ధర చెప్పు.
ఎవరి నోటితో వాళ్ళు చెప్తారు.

"మనోడయితే" మాత్రం ఏ రొయ్యకీ చెందలా.
విడిగా కూర్చోబెట్టి పేరు పెట్టాల్సొచ్చింది:
బంధువుల తగ్గింపు.
కోదండరామిరెడ్డి తెర మీద చదివి, గొంతు సవరించుకుని
"ఇంత పెద్దక్షరాల్లో ఉండాల్నా అది?" అన్నాడు.
మునిశేఖర్ ముట్టుకోవద్దన్నదాన్ని
కళ్ళు మూసుకుని తీసేశా.
బిల్లు వచ్చింది.
ఫోన్ చేసి చెబుదామనుకుని, ఎందుకులే అని ఊరుకున్నా.

తెల్లారి పీతలొచ్చినయ్, కాళ్ళకు తాళ్ళు కట్టుకుని.
వాటికో కొత్త కాగితం.
పాతవాటిలో అక్షరం కదల్లేదు.
పెంచలనరసయ్యకు రావాల్సిన తేడా
పదకొండు వేల చిల్లర,
ఆ లెక్క మాత్రం చేత్తోనే వేశా.

అన్ని "అయితే"లూ పోలేదు. పోవు.
వచ్చిందేదో పోల్చుకునే చోట
ఒక్కటి ఉండక తప్పదు,
దాన్ని గుమ్మంలోనే కాపలా పెట్టా,
మస్తానమ్మ పీట పక్కన.

ఆమె ఇప్పుడే కుప్పలోంచి
తోకకి మచ్చలున్నదేదో పైకి తీసింది.
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"ఇదేందో నేనెరగను పాపా" అని
బోర్లించిన మూత మీద పెట్టింది.

ఇంకా ట్రే లేనిది
మా ఇద్దరి మధ్యా
మీసాలు కదుపుతోంది.