చివరి బెంచీలో

ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత
మళ్లీ చివరి బెంచీలో కూచున్నాను.
ఎవరో కంపాస్ ముల్లుతో చెక్కిన పేరు
మోచేతికి గుచ్చుకుంటోంది.
చేతిలో డిపార్ట్‌మెంటు ఇచ్చిన కాగితం:
పది గళ్లు, గడికి పది మార్కులు,
అడుగున నా సంతకానికో గీత.

సుగుణాకర్ చేరి ఇది మూడో వారం.
గెస్ట్ ఫ్యాకల్టీ. పీరియడ్‌కి ఇంతని లెక్క,
ఆ లెక్క ఎప్పుడు తేలుతుందో ఎవరూ చెప్పరు.
గాజువాక నుంచి రెండు బస్సులు మారి
వీపుకి అతుక్కున్న చొక్కాతో వచ్చాడు.
ఇవాళ్టి పాఠం మరపు.

నన్ను చూశాడు. చూడనట్టు బోర్డు తుడిచాడు.
శుభ్రంగా ఉన్న బోర్డునే ఇంకోసారి తుడిచాడు.

ఇక మొదలు.
నిర్వచనం, ప్రయోగం, సంవత్సరం, గ్రాఫు,
మళ్లీ నిర్వచనం.
సిరిపురం నుంచి బీచికి దిగే డౌన్‌లో
బ్రేకులు పోయిన ఆటోలా
పాఠం అతన్ని లాక్కుపోతోంది.

కరెంటు పోయింది.
గోడ మీద గ్రాఫు నీలం చుక్కై ఆరిపోయింది.
కిటికీలోంచి ఉప్పుగాలి దూరి
హాజరు పట్టీ పేజీలు తిప్పింది.
అప్పుడు లేచింది పోలేశ్వరి,
పెదజాలరిపేట పిల్ల:
"సార్, మా మామ్మ నన్నే గుర్తుపట్టదు.
తాత తెప్ప తిరగబడిన రోజు మాత్రం
తిథితో సహా సెప్తాది.
ఏటి మరి, అది మరపు కాదా?"

క్లాసంతా అతని మొహం వైపు. నేనూ అటే.
గొంతులో ఏదో కదిలింది,
కనిపించింది నాకు.
బయటికొచ్చింది మాత్రం
"అది మూడో యూనిట్‌లో వస్తుంది."

పోలేశ్వరి కూచుంది.
పెన్నుకి మూత పెట్టిన చప్పుడు
చివరి బెంచీదాకా వినిపించింది.

ఏడో గడి: విద్యార్థుల ప్రశ్నలకు స్పందన.
నా పెన్ను అక్కడ ఆగిపోయింది.

నా మొదటి ఏడాది నాకు తెలుసు కదా.
చింతపల్లి కొండల నుంచి వచ్చిన కిల్లో బొంజన్న
భయం పాఠం మధ్యలో లేచి అడిగాడు:
"మేడం, రాత్రి బూట్ల చప్పుడైతే
మా ఊరు ఊరంతా ఒకేసారి లేస్తాది.
దాన్నేటంటారు?"
ఒక ఇంగ్లీషు మాట చెప్పాను.
స్పెల్లింగు కూడా చెప్పాను.
రాసుకున్నాడు. డిసెంబరుకల్లా రావడం మానేశాడు.
ఆ రోజు నా వెనక బెంచీలో ఎవరూ లేరు.

క్యాంటీన్లో టీ చల్లారిపోతోంది.
"ఎన్ని వేశారండీ?" అన్నాడు గ్లాసు వైపు చూస్తూ.
మనసు గురించే పాఠాలు చెప్పుకునే మా దగ్గర
కొత్తవాడి మనసు ఎలా ఉందని
అడిగే రివాజు మాత్రం లేదు.
నాకూ ఎలా అడగాలో తెలియలేదు.
"రాత్రి నిద్ర పట్టిందా?" అన్నాను.
పట్టలేదట. రెండు గంటలదాకా
అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాడట ఆ పాఠమే,
అద్దం ఒక్క ప్రశ్న కూడా వేయలేదట.
ఇద్దరం నవ్వాం. అతను కొంచెం ఆలస్యంగా.

"రేపు పదిన్నరకి నా క్లాసుకి రా.
వెనక కూచో. నేనెన్నిసార్లు తొందరపడ్డానో
గీతలు పెట్టు."
వేళాకోళం అనుకున్నాడు.

వచ్చాడు.
క్లాసయ్యాక జిరాక్సు షాపు రసీదు వెనక
పదకొండు గీతలు చేతిలో పెట్టి
తలెత్తకుండా నిలబడ్డాడు.
పదకొండు! అయిదో ఆరో అనుకున్నాను,
నిజం చెప్పొద్దూ, చివుక్కుమంది.
కింద చిన్న అక్షరాలు:
"ఒక్కసారి ఆగారు. ఆరు సెకన్లు.
కిటికీ పక్కబ్బాయి మాట్లాడింది అప్పుడే."

సోమవారం నేను లోపలికి వెళ్లలేదు.
ఏడో గడి ఇంకా ఖాళీగా ఉన్న కాగితాన్ని
సంచిలో మడిచి పెట్టుకుని
కారిడార్లో, స్తంభం చాటున నిలబడ్డాను.

"పోలేశ్వరీ, ఆ రోజు నీ ప్రశ్న దాటేశాను.
మీ మామ్మ సంగతి మళ్లీ చెప్తావా?"

జవాబు లేదు.
ఫ్యాను కిరకిర. బెంచీ కింద ఎవరిదో చెప్పు రాపిడి.
మూడు. నాలుగు.
నా నాలుక మీదికి రెండు వాక్యాలు వచ్చాయి, మింగేశాను.
అయిదు.
హార్బరు వైపు ఏదో ఓడ కూత పెట్టింది.
అతను నోరు తెరవలేదు.
ఆరు.