గోడ ఇవతలి సాక్షి

ఉదయం ఆరు. బియావిస్తొక్‌లో ఇంకా చీకటే.
సరిహద్దు దళం వాళ్ళు ఇద్దరు
బూట్ల మంచు నా గుమ్మంలో పట్ట మీద దులిపి
పక్కింటి గురించి అడగాలన్నారు.

పక్కిల్లంటే లెషెక్, బస్సు డిపోలో మెకానిక్కు.
అతని భార్య ఓయ్‌దిన్, ఉజ్బెక్ పిల్ల,
పుట్టగొడుగుల షెడ్డులో పనికని వచ్చింది.
షెడ్డు మూతపడింది, వీసా గడువు తీరింది,
ఆ తరవాత పెళ్ళయింది.
ఆ వరసే వాళ్ళకి అనుమానం.

"నిజం కాపురమేనా అమ్మా?" అన్నాడు చిన్నవాడు
కలం మూత పళ్ళతో లాగుతూ.

గోడకు చెవులుంటాయంటారు.
ఈ గోడకున్నవి నావే.
విన్నది చెప్పాను:
అతను గురకపెడతాడు, ఆమె తడుతుంది,
ఆగుతుంది, మళ్ళీ మొదలు.
చెప్పులతో లోపలికొచ్చాడని ఆమె,
ఉల్లిపాయ మాడ్చిందని అతను.
ఆమె తన భాషలో తిడుతుంది,
అతను పోలిష్‌లో జవాబిస్తాడు,
ఎవరి మాట ఎవరికీ అందక
మధ్యలో ఒకరికి నవ్వొచ్చేస్తుంది.

అదేదీ రాసుకోలేదు వాళ్ళు.
"మంచం ఒకటేనా?"
"నేను గోడను నాయనా, కిటికీని కాను."

ఇంకోటి కూడా చెప్పాను.
తెల్లారగట్ల నాలుగున్నరకు లేచి పిండి పిసుకుతుంది.
గుండ్రటి రొట్టె నడుమ
మేకులు గుచ్చిన కొయ్య ముద్రతో
దభీమని ఒక్కటి వేస్తుంది,
మధ్యలో పొంగకుండా, వాళ్ళ ఊరి అలవాటట.
మొదట్లో చీపురుకర్రతో గోడ బాదాను.
మర్నాడు నా గుమ్మంలో
గుడ్డలో చుట్టిన రొట్టె, వేడివేడిగా,
మధ్యలో చుక్కల పువ్వు.
అప్పట్నించీ చీపురు ఊడవడానికే.

పెద్దవాడు కాగితం తిప్పాడు.
"నవంబరులో ఆమె పెట్టె తీసుకుని వెళ్ళిపోవడం చూశారా?"

చూశాను.
చక్రాల పెట్టె ఒక్కో మెట్టూ దిగడం,
లెషెక్ ఒట్టి పాదాలతో తలుపు దగ్గర నిలబడిపోవడం.
మూడు రాత్రులు అవతల గురక కూడా లేదు.
నాలుగో తెల్లవారుజామున దభీమంది.

"చూళ్ళేదు" అన్నాను.
డెబ్భై మూడేళ్ళ నోరు, తడబడలేదు.

నా పెళ్ళికి అన్నీ ఉన్నాయి.
చర్చి రిజిస్టరు, టౌను ఆఫీసు సీలు,
ఇద్దరి పేర్లతో కరెంటు బిల్లు.
జెనోన్‌తో ముప్ఫయ్యొక్కేళ్ళు.
అప్పుడు అవతల నించి ఎవరైనా చెవి ఆనించి ఉంటే
గడియారం వినిపించేది.
ఏ ఉదయం ఆరింటికీ ఎవరూ వచ్చి
మమ్మల్ని అడగలేదు.

సంతకం తీసుకుని వెళ్ళారు.
పట్ట మీద నీళ్ళు మిగిలాయి.

ఇవాళ పోస్టతను పొరపాటున
వాళ్ళ కవరు నా డబ్బాలో వేశాడు.
ప్రాంతీయ కార్యాలయం నించి. పల్చగా ఉంది, ఒకటే కాగితం.
దీపానికి ఎదురు పట్టి చూశాను, దాచడమెందుకు,
ఏమీ కనపడలేదు.

ఓయ్‌దిన్ తలుపు తీసింది, చేతులనిండా సబ్బు నురగ.
కవరును రెండు మోచేతుల మధ్య పట్టుకుని
"బోగుమీవా గారూ" అంది.
ఆపైన మాట రాలేదు.

ఇంట్లోకొచ్చి, ఇన్నేళ్ళలో మొదటిసారి
కావాలనే గోడకు చెవి ఆనించాను.
కుళాయి కట్టేసిన చప్పుడు.
కుర్చీ లాగిన చప్పుడు.
తరవాత చాలాసేపు ఏమీ లేదు.

సాయంత్రం నాలుగు. రొట్టెల వేళ కాదు.
దభీ.
పిండి మెత్తదనం లేదు అందులో, ఒట్టి బల్ల మీద.
దభీ, దభీ,
నా చెంపకు తగిలేటంత గట్టిగా.
కోపమో, పండగో.
ఆ చప్పుడుకి నాకు తెలిసిన భాష లేదు.

మూలనున్న చీపురుకర్ర అందుకుని
ఒకటి నేనూ వేశాను.