తడవని చోటు

నారిన్ లోయలో సెప్టెంబరు.
మంచు ఇంకా కొండ భుజం దిగలేదు.
మెదెర్‌బెక్ నల్లగుర్రాన్ని నడిపించుకొచ్చి
మా కొట్టు ముందు ఆగాడు.
"పొగరెక్కింది దీనికి" అన్నాడు.
"తంగు బిగిస్తుంటే మోచేతిని పట్టి కొరికింది."
చొక్కా మడిచాడు,
చర్మం మీద అరచంద్రంలా పళ్ళ గుర్తు.

మా ముసలాయన సాగిందిక్ ఆ చేతిని చూడలేదు,
వెండిపువ్వులు తాపిన జీననీ చూడలేదు.
ఏదో పందెంలో తాత గెలిచిందట అది.
జీనుకి పేరుంది. గుర్రానికి లేదు.

"ఆ గట్టెక్కి దిగిరా" అన్నాడంతే.

దిగొచ్చేసరికి గుర్రం పొగలు కక్కుతోంది.
జీను దించి నమదా ఒలిచాం.
వీపంతా తడిసి నిగనిగలాడుతోంది,
మూపుకి అటొకటి ఇటొకటి
అరచెయ్యంత పొడి మచ్చలు తప్ప.

"చూశారా, అక్కడ చెమటే పట్టలేదు,
హాయిగా ఉందన్నమాట!"
మెదెర్‌బెక్ నవ్వాడు.
ముసలాయన ఆ పొడిచోట బొటనవేలు ఆనించాడు.
గాలి తగిలిన చెరువులా
తోక దాకా వణికింది చర్మం.
"చెమట కూడా బయటికి రాలేనంత బరువు పడిందిక్కడ."
వేళ్ళతో రోమాలు విడదీశాడు.
నలుపులో నాలుగైదు తెల్ల వెంట్రుకలు,
వయసు తెచ్చినవి కావు.

చెప్పు కరిస్తే మనిషి కుంటుతాడు, తిడతాడు,
విప్పి చేత పట్టుకుంటాడు.
జీను కరిస్తే
గుర్రానికి పళ్ళొక్కటే ఉన్నాయి చెప్పుకోడానికి.

నీళ్ళలో నానేసిన విల్లో కొమ్మ తెమ్మన్నాడు.
భుజం ఎముక వెనకాల ఒకసారి,
నడిమి పల్లంలో ఒకసారి,
చివరి పక్కటెముక దగ్గర ఒకసారి వంచి
పాత వార్తాపత్రిక మీద పెట్టి
బొగ్గుతో గీయించాడు నా చేత.
మూడు గీతలూ మూడు కొండల్లా వచ్చాయి.
"మూపు మీద మూడు వేళ్ళు దూరాలి" అన్నాడు,
"వెనక నిలబడి చూస్తే
వెన్ను పొడుగునా వెలుతురు కనబడాలి.
ఎక్కేది నువ్వే,
కానీ మీ ఇద్దరి మధ్యా కాస్త ఆకాశం కూర్చోవాలి."

నాకు తెలుసు ఆ మాట ఖరీదు.
రెండేళ్ళ కిందట, చలికి బక్కచిక్కిన ఆడగుర్రానికి
వసంతంలో కొలిచి ఇచ్చాను నా మొదటి జీను.
ఎండాకాలమంతా గడ్డి మేసి అది నిండింది.
నా చెక్క నిండలేదు.
ఆ పుండు మానడానికి పట్టిన నెలలు
నేను లెక్కపెట్టాను, ఒక్కొక్క వారం వెళ్ళి.

"దీన్నే కొంచెం చెక్కి సరిచేయకూడదా?"
వెండి మీద చెయ్యి తియ్యకుండా అడిగాడు మెదెర్‌బెక్.
"కర్ర కొత్త పాఠం నేర్చుకోదయ్యా.
మీ తాత గుర్రం వీపునే గుర్తుంచుకుంది.
ఆ గుర్రం పోయి ఎన్నేళ్ళు?"
మెదెర్‌బెక్ వేళ్ళు మడిచాడు, చాలక మానేశాడు.

బిర్చి చెక్క, ఇరవై రోజులు, బేరం తేలింది.
తిరుగుదారిలో గుర్రమెక్కలేదతను.
వెండిజీను తన భుజానికెత్తుకుని
పగ్గం పట్టుకుని నడిచాడు.
వంతెన దగ్గర కుడి నుంచి ఎడమకి మార్చుకున్నాడు.
పాప్లర్ల దాకా వెళ్ళి
ఎడమ నుంచి మళ్ళీ కుడికి.

గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.
వెనకాల నల్లగుర్రం,
ఖాళీ వీపు
ఎండకి మెల్లగా ఆరుతూ,
అన్నిచోట్లా ఒకేలా.